క్రైస్తవ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నర్సింగ్ చదివింది క్రైస్తవ యూనివర్సిటీలోనే. తర్వాత అలాంటి చోటే చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను. అడ్మిషన్ల రోజుల్లో పిల్లలూ తల్లిదండ్రులూ అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. కొన్ని అందరి ముందూ అడుగుతారు, కొన్ని పక్కకి పిలిచి మెల్లగా అడుగుతారు. రెండు రకాలవీ ఇక్కడ రాస్తున్నాను. ఫీజులు, మార్కుల కటాఫ్‌లు కాలేజీకో తీరుగా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఇక్కడ చెప్పే నర్సింగ్ వేరేగా ఉంటుందా? సిలబస్ మారుతుందా?

మారదు. నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ లేదా బోర్డు ఒప్పుకున్న కోర్సే చదవాలి, అది చెప్పిన మేరకు వార్డుల్లో పనిచేయాలి. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, మందుల శాస్త్రం, మెడికల్-సర్జికల్ నర్సింగ్, ప్రసూతి, పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ హెల్త్, వీటిలో ఏదీ తగ్గదు. అదనంగా వచ్చేవి కొన్ని ఉంటాయి. బైబిల్ మీదో క్రైస్తవ నీతిశాస్త్రం మీదో రెండు మూడు పేపర్లు, ప్రార్థన సమావేశాలు, రోగి ఆధ్యాత్మిక అవసరాల గురించి కాస్త ఎక్కువ పాఠం, కొన్నిచోట్ల సెలవుల్లో మెడికల్ క్యాంపులు.

కాగితం మీద తేడా ఇంతే. అసలు తేడా ఎక్కడ ఉండాలో నాకు రెండో సంవత్సరంలో తెలిసింది. వార్డులో ఉదయం పోస్టింగ్, అంటే డ్యూటీ. ఎనిమిది మంచాలు నావి. ఆరో మంచం మీద ఒక పెద్దాయన. బీపీ చూశాను, నాడి చూశాను, టెంపరేచర్ చూశాను. ఊపిరి లెక్కపెట్టడానికి టైమ్ లేదనిపించి చార్టులో 18 అని రాసేశాను. అందరూ రాసే అంకె అదే. మా మేడమ్ చార్టు చూసి ఏమీ అనలేదు. నన్ను మంచం దగ్గరికి తీసుకెళ్ళి, తన వాచీ విప్పి నా చేతిలో పెట్టి, "నిమిషం పాటు లెక్కపెట్టు" అన్నారు. దుప్పటి గబగబా లేస్తూ దిగుతూ ఉంది. ప్రతి ఊపిరికీ ఆయన మెడ దగ్గర కండరాలు బిగుసుకుంటున్నాయి. 28 వచ్చింది. పెద్దవాళ్ళలో మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉండాలి. డాక్టరు వచ్చి చూశారు, ఎక్స్‌రే తీశారు, న్యుమోనియా.

ఆ ఉదయం మా అందరికీ వాక్యం చదివి ప్రార్థన చేయించింది కూడా ఆ మేడమే. మంచం దగ్గర మాత్రం దేవుడి మాట ఎత్తలేదు. నేను రాసిన 18 మీద ఒకే ఒక్క గీత గీయించి, పక్కన 28 రాయించి, సంతకం పెట్టించారు. ఒక క్రైస్తవ నర్సింగ్ కాలేజీ మంచిదా కాదా అని నన్ను ఎవరైనా అడిగితే నేను మొదట చూసేది ఇదే. పొద్దున చేసిన ప్రార్థనకీ, మధ్యాహ్నం చార్టులో రాసే అంకెకీ అక్కడ సంబంధం ఉందా లేదా అని.

నేను క్రిస్టియన్ కాదు. సీటు ఇస్తారా? మతం మారమంటారా?

చాలా యూనివర్సిటీలు అన్ని మతాల వాళ్ళకీ, ఏ మతమూ లేనివాళ్ళకీ సీట్లు ఇస్తాయి. కొన్ని మాత్రం విద్యార్థి కూడా విశ్వాసి అయి ఉండాలంటాయి, లేదా విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతాయి. ఇంకొన్నిచోట్ల సీట్లలో కొంత భాగం చర్చి సంఘాల సిఫారసుతో వచ్చేవాళ్ళకి ఉంచుతారు. ప్రాస్పెక్టస్‌లో ఇది రాసే ఉంటుంది. రాసి లేకపోతే దరఖాస్తు పెట్టకముందే అడగండి, మొహమాట పడకండి.

మతం మారమని ఒత్తిడి చేయడం తప్పు. ఎవరైనా మార్కులనో హాజరునో అడ్డం పెట్టి అలా మాట్లాడితే డీన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నా క్లాసుల్లో ముస్లిం అమ్మాయిలు, హిందూ అబ్బాయిలు చదివారు. రోగి నమ్మకాన్ని ఎలా గౌరవించాలో క్లాసులో మాట్లాడుకున్న రోజు అందరికంటే ఎక్కువ చెప్పింది వాళ్ళే. తక్కువమందిలో ఒకరిగా తన నమ్మకాన్ని మోసుకు తిరగడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు కదా.

చాపెల్‌కి (క్యాంపస్ ప్రార్థన మందిరానికి) తప్పనిసరిగా వెళ్ళాలా?

కొన్నిచోట్ల తప్పనిసరి, హాజరు కూడా వేస్తారు. కొన్నిచోట్ల మీ ఇష్టం. వెళ్ళి కూర్చోవాల్సి వచ్చినా ప్రార్థించమని ఎవరూ బలవంతం చేయకూడదు.

మిగతా నియమాలు ఎలా ఉంటాయి?

మద్యం, పొగాకు క్యాంపస్‌లో ఉండకూడదనే నియమం తరచుగా ఉంటుంది. ప్రవర్తన నియమావళి మీద సంతకం పెట్టించుకుంటారు. పూర్తిగా చదివాకే పెట్టండి. సంఘాన్ని బట్టి కొన్ని పద్ధతులు మారతాయి. ఉదాహరణకి శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే సెవెంత్ డే ఆడ్వెంటిస్టుల యూనివర్సిటీల్లో శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా క్లాసులు, పరీక్షలు ఉండవు. వాళ్ళ ఆసుపత్రుల్లో రోగుల సేవ మాత్రం ఆ రోజూ ఆగదు.

నర్సింగ్‌కీ చర్చికీ ఇంత సంబంధం ఎక్కడినుంచి వచ్చింది?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. కాస్త ఓపిగ్గా చదవండి.

కొత్త నిబంధనలో రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయం ఫీబే అనే స్త్రీ పేరుతో మొదలవుతుంది. తెలుగు బైబిల్లో ఆమెను సంఘపు పరిచారకురాలు అన్నారు. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిల్ ఊరి బయట పేదలకీ రోగులకీ పెద్ద ఆశ్రయం కట్టించాడు. అదే శతాబ్దం చివర్లో ఫాబియోలా అనే ధనిక స్త్రీ రోములో ఆసుపత్రి పెట్టి, వీధుల్లో పడి ఉన్న రోగుల పుండ్లు తన చేతులతో కడిగింది. 1633లో ఫ్రాన్సులో విన్సెంట్ డి పాల్, లూయీజ్ డి మారియాక్ కలిసి మొదలుపెట్టిన డాటర్స్ ఆఫ్ చారిటీ సిస్టర్లు మఠం గోడల లోపల ఉండిపోకుండా రోగుల ఇళ్ళకే నడిచి వెళ్ళారు.

పద్ధతిగా శిక్షణ ఇవ్వడం తర్వాతి మాట. 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో థియోడోర్ ఫ్లీడ్నర్ అనే పాస్టరు, ఆయన భార్య ఫ్రీడరికె కలిసి డీకనెస్‌లకి, అంటే చర్చి తరఫున సేవ చేసే స్త్రీలకి, శిక్షణాలయం పెట్టారు. 1851లో ఫ్లారెన్స్ నైటింగేల్ అక్కడ సుమారు మూడు నెలలు నేర్చుకుంది. పదిహేడో ఏట, 1837లో, దేవుడు తనని సేవకి పిలిచాడని రాసుకున్న మనిషి ఆమె. కానీ కైజర్స్‌వెర్త్ గురించి తర్వాత ఆమె చెప్పింది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. అక్కడ కనిపించినంత భక్తి ఇంకెక్కడా చూడలేదంది. నర్సింగ్, శుభ్రత మాత్రం ఏమాత్రం బాగాలేవంది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో తన పేరుతో మొదలైన స్కూల్ ఏ సంఘానికీ చెందకుండా చూసింది.

దీన్ని నేను ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారంలోనే చెప్తాను. భక్తి ఎంత ఉన్నా, దుప్పటి మార్చడం రాకపోతే రోగికి ఒరిగేది లేదు. ఆ సంగతి మొదట గట్టిగా చెప్పింది కూడా దేవుడి పిలుపు విన్నానని నమ్మిన మనిషే.

అక్కడినుంచి ఆ దారి ప్రపంచమంతా పాకింది. కొరియాలో మొదటి నర్సుల శిక్షణాలయాన్ని 1903లో మెథడిస్టు మిషన్ తరఫున వెళ్ళిన మార్గరెట్ ఎడ్మండ్స్ ప్రారంభించింది. కాలిఫోర్నియాలో ఆడ్వెంటిస్టుల లోమా లిండా నర్సింగ్ స్కూల్ 1905లో మొదలైంది. వెల్లూరులో ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరు నడిపిన ఆసుపత్రిలో 1909లో నర్సింగ్ స్కూల్ వచ్చింది, 1946లో అది డిగ్రీ చదువైంది. టోక్యోలో సెయింట్ లూక్స్ నర్సింగ్ స్కూల్ 1920 నాటిది, ఇప్పుడది విశ్వవిద్యాలయం. వీటిలో ఎక్కువ చోట్ల ముందు ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. చేతులు చాలక స్కూల్ పెట్టారు.

మగపిల్లలు చేరొచ్చా?

తప్పకుండా. క్రైస్తవ చరిత్రే చూడండి. నర్సుల పోషక సంతుడిగా కాథలిక్కులు తలిచే కమిల్లస్ డి లెల్లిస్ (1550-1614) ఒకప్పుడు సైనికుడు, జూదంలో ఉన్నదంతా పోగొట్టుకున్నవాడు. తన కాలి పుండు మానక ఆసుపత్రి చుట్టూ తిరుగుతూ, అక్కడ రోగుల్ని చూసేవాళ్ళ నిర్లక్ష్యాన్ని కళ్ళారా చూసి, రోగుల సేవకే ఒక సంఘం పెట్టాడు. అలెక్సియన్ బ్రదర్స్ అనే సన్యాసుల సంఘం 1898లో షికాగోలో మగవాళ్ళకే నర్సింగ్ స్కూల్ తెరిచింది. మీ అబ్బాయి నర్సింగ్ అంటున్నాడని బంధువులు నొసలు చిట్లిస్తే ఈ రెండు సంగతులు చెప్పండి.

మొదటి సంవత్సరంలోనే రోగుల దగ్గరికి పంపిస్తారా?

ముందు స్కిల్స్ ల్యాబ్. అక్కడ మనిషంత బొమ్మలుంటాయి. మంచం వేయడం, రోగిని పక్కకి తిప్పడం, మంచం మీదే ఒళ్ళు తుడవడం, చేతులు కడుక్కోవడం నేర్పిస్తారు. చేతులు కడుక్కోవడానికి ఓ క్లాసా అని నవ్వే పిల్లలుంటారు. సబ్బు, నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు, ఆల్కహాల్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు పట్టాలి. బొటనవేలి చుట్టూ, గోళ్ళ చివర్లు, వేళ్ళ సందులు దాదాపు అందరూ వదిలేస్తారు. మెరిసే పొడి రాసి, కడుక్కున్నాక నీలం లైటు కింద చేతులు పెట్టిస్తే ఎక్కడెక్కడ వదిలేశారో వెలుగుతూ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరూ నవ్వరు.

ఒళ్ళు తుడవడం గురించి ఒక మాట. ఒకసారి ఒక్క చేయో ఒక్క కాలో మాత్రమే బయట ఉండాలి, మిగతా ఒళ్ళంతా కప్పి ఉండాలి. నీళ్ళు చల్లారితే మార్చాలి. ముందే "ఇప్పుడు మీ ఎడమ చేయి తుడుస్తాను" అని చెప్పాలి, రోగి స్పృహలో లేకపోయినా సరే. మనిషి దేవుడి పోలికలో పుట్టాడు అనే పాఠం బైబిల్ క్లాసులో వింటారు. దాన్ని చేతులతో చదివేది ఈ తువ్వాలు దగ్గరే.

బొమ్మల మీద నేర్చుకుంటే నిజమైన పని వస్తుందా?

చాలావరకు వస్తుంది. 2014లో అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. మంచి శిక్షకులు, మంచి పద్ధతి ఉంటే క్లినికల్ గంటల్లో, అంటే రోగుల దగ్గర పనిచేయాల్సిన గంటల్లో, సగం దాకా సిమ్యులేషన్‌తో (బొమ్మల మీద సాధనతో) నింపినా విద్యార్థులు వెనకబడలేదని తేలింది. "మంచి శిక్షకులు ఉంటే" అనేదే కీలకం. ఖరీదైన బొమ్మ కొని అద్దాల గదిలో తాళం వేసి ఉంచే కాలేజీలు కూడా ఉన్నాయి. చూడటానికి వెళ్ళినప్పుడు ఆ గదిని విద్యార్థులు వారానికి ఎన్నిసార్లు వాడతారో వాళ్ళనే అడగండి.

లెక్కలంటే నాకు టెన్షన్. నర్సింగ్‌లో లెక్కలు ఎక్కువా?

కష్టమైనవి కావు, కానీ తప్పకూడనివి. ఒకటి చూద్దాం. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కించమన్నారు. మీ చేతిలో ఉన్న డ్రిప్ సెట్ (సెలైన్ గొట్టం) మిల్లీలీటరుకి 20 చుక్కలది. 1000ని 20తో గుణిస్తే 20,000 చుక్కలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు, అంటే పది సెకన్లకి 7. వాచీ చూస్తూ క్లాంపు చక్రం తిప్పి ఆ ఏడు చుక్కలు పడేలా సరిచేయాలి. గుణకారం, భాగహారం వస్తే చాలు. చాలా కాలేజీల్లో మందుల లెక్కల పరీక్షకి పాస్ మార్కు మిగతా వాటికంటే చాలా ఎక్కువ పెడతారు, కొన్నిచోట్ల నూటికి నూరూ రావాలి. అది కఠినత్వం కాదు. దశాంశ బిందువు ఒక్క స్థానం పక్కకి జరిగితే మందు పదింతలవుతుంది.

రోగి దగ్గర ప్రార్థన చేయాలా? చేయొచ్చా?

చేయాల్సిన పని లేదు. రోగి తనంతట తాను అడిగితే చేయొచ్చు. చేయడం మీకు ఇబ్బందిగా ఉంటే చాప్లిన్‌ని (ఆసుపత్రి పాస్టరుని) పిలవొచ్చు, లేదా పక్కన మౌనంగా నిలబడొచ్చు.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మంచం మీద ఉన్న మనిషి నొప్పి ఇంజెక్షన్‌కి మీ మీద ఆధారపడి ఉంటాడు. బెడ్‌పాన్‌కి కూడా మీ మీదే. అలాంటి మనిషిని "మీకోసం ప్రార్థన చేయనా" అని మీరుగా అడిగితే వద్దని ఎలా అంటాడు? ఆయన "సరే" అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అందుకే ముందు వినడం నేర్పిస్తాం. అమెరికాలో క్రిస్టినా పుచాల్స్కీ అనే డాక్టరు 1990లలో నాలుగు ప్రశ్నల పద్ధతి ఒకటి తయారుచేశారు. మీకు ధైర్యం ఇచ్చే నమ్మకం ఏదైనా ఉందా, మీ ఆరోగ్యం విషయంలో దానికి ఎంత విలువ ఇస్తారు, మీకు తోడుగా ఉండే సంఘం ఏదైనా ఉందా, ఈ విషయంలో మా నుంచి ఏం కావాలి. చాలా దేశాల్లో విద్యార్థులకి దీన్నే నేర్పిస్తున్నారు. ఇందులో బోధ లేదు, అడగడమే ఉంది.

ఒకసారి వేరే మతానికి చెందిన ఒక అమ్మ ఆపరేషన్‌కి ముందు మెడలోని తాయెత్తు తీయనంది. థియేటర్లోకి నగలు, లోహం తీసుకెళ్ళకూడదన్నది నియమం. మా విద్యార్థిని వాదించలేదు. ఆ తాయెత్తు ఎవరిచ్చారని అడిగింది. చనిపోయిన వాళ్ళ అమ్మ కట్టిందట. ఆ అమ్మాయి వెళ్ళి థియేటర్ సిస్టర్‌తో, మత్తు డాక్టరుతో మాట్లాడింది. కోత పడే చోటికి దూరంగా, చిన్న కవర్లో పెట్టి, చీలమండకి టేపుతో అంటించి లోపలికి పంపారు. చెక్‌లిస్టులో ఆ సంగతి రాశారు. తిరిగొచ్చి కళ్ళు తెరవగానే ఆ అమ్మ కాలు కదిపి చూసుకుంది. ఆధ్యాత్మిక సంరక్షణ అనే పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. ఆ అమ్మాయి నిండు విశ్వాసి, రోజూ చాపెల్‌కి వచ్చే పిల్ల.

రోగి నిర్ణయం నా విశ్వాసానికి విరుద్ధమైతే?

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, రోగి చికిత్స వద్దనడం. యెహోవా సాక్షులు అనే మతశాఖ వాళ్ళు రక్తం ఎక్కించుకోరు. బుద్ధి తెలిసిన పెద్దమనిషి అన్నీ విని వద్దంటే ఆ మాటకే విలువ. మీకు బాధగా ఉన్నా మీ పని రక్తం లేకుండా చేయగలిగినంత చేయడం. పిల్లల విషయంలో చాలా దేశాల్లో కోర్టులు కలగజేసుకుంటాయి.

రెండోది, మీ మనస్సాక్షి ఒప్పుకోని పని చేయమనడం. అబార్షన్ ఇందులో ముఖ్యమైనది. చాలా దేశాల చట్టాలు నర్సుకి తప్పుకునే హక్కు ఇస్తాయి, కానీ ముందే చెప్పాలి. రోగిని మధ్యలో వదిలేయకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పుకోవడం కుదరదు. తప్పుకున్నా సరే, రోగిని తీర్పు చెప్పే చూపు చూడకూడదు. ఇంకో విషయం కూడా తెలుసుకోండి. కాథలిక్ ఆసుపత్రుల్లో స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) లాంటివి చేయరు. మీ క్లినికల్స్ అన్నీ అలాంటి ఒకే ఆసుపత్రిలో ఉంటే ఆ రోగుల సంరక్షణ ఎక్కడ నేర్పిస్తారో అడగాలి. మంచి యూనివర్సిటీ ఈ ప్రశ్నకి ఇబ్బంది పడదు.

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నావల్ల అవుతుందా?

అవుతుంది. నా బ్యాచ్‌లో మొదటి డ్రెస్సింగ్ చూసి పడిపోయిన అమ్మాయి ఇప్పుడు ఐసీయూలో సీనియర్. మోకాళ్ళు బిగపట్టి నిలబడకండి, ఖాళీ కడుపుతో పోస్టింగ్‌కి రాకండి, తల తేలిపోతున్నట్టుంటే వెంటనే చెప్పి కూర్చోండి.

చావుని దగ్గరగా చూడాల్సి వస్తుంది కదా, పిల్లలు తట్టుకుంటారా?

మొదటిసారి ఎవరూ తట్టుకోలేరు, తట్టుకున్నట్టు నటిస్తారు. నన్ను నా మొదటి మరణం రోజున ఒక స్టాఫ్ నర్స్ పక్కన నిలబెట్టుకుంది. కళ్ళు మూయడం, ముఖం తుడవడం, జుట్టు సర్దడం అంతా మెల్లగా చేస్తూ, ఆయన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. కిటికీ కాస్త తెరిచింది. బయటికి వచ్చాక నా వీపు మీద చెయ్యి వేసి "టీ తాగుదాం పద" అంది.

చనిపోయేవాళ్ళ సంరక్షణని ఇప్పుడున్న రూపానికి తెచ్చిన సిసిలీ సాండర్స్ గురించి పిల్లలకి తప్పక చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆవిడ నైటింగేల్ స్కూల్లోనే నర్సింగ్ చదివింది. నడుంనొప్పి వల్ల నర్సు పని మానేయాల్సి వచ్చి సామాజిక కార్యకర్త అయింది, తర్వాత డాక్టరయింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, మనసుదీ, ఇంటి బాధలదీ, ఆత్మదీ అన్నీ కలిసి ఒకే నొప్పిగా వస్తాయని చెప్పింది. నొప్పి మళ్ళీ వచ్చేదాకా ఆగకుండా వేళకి మందు ఇవ్వాలని పట్టుబట్టింది. ఆవిడ గాఢమైన విశ్వాసి, కానీ ఆ హాస్పిస్ తలుపు ఏ నమ్మకం ఉన్నవాళ్ళకైనా, లేనివాళ్ళకైనా తెరిచే ఉండేది.

కాలేజీలో కౌన్సెలర్ ఉన్నాడా, మరణం చూసిన రోజు పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడే అలవాటు ఉందా అని అడగండి. "ప్రార్థన చేసుకుంటే సర్దుకుంటుంది" అని వదిలేసే చోట పిల్లలు లోపల్లోపల నలిగిపోతారు.

"సేవ" పేరు చెప్పి ఎక్కువ పని చేయించుకుంటారని విన్నాం. నిజమేనా?

కొన్నిచోట్ల నిజం, దాచడం నాకిష్టం లేదు. నేను మొదట ఉద్యోగం చేసిన ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగాక, మనుషులు తక్కువయ్యారని పగటి షిఫ్ట్ కూడా వేశారు. అలసిపోయానన్నాను. "ఇది దేవుడి పని, లెక్కలు చూసుకోకూడదు" అన్నారు. ఆ మధ్యాహ్నం ఇద్దరు రోగుల మందుల ట్రేలు దాదాపు తారుమారు చేశాను. బ్యాండ్ మీద పేరు రెండోసారి చదివాను కాబట్టి సరిపోయింది. అలసిన నర్సు చేతిలో రోగి క్షేమంగా ఉండడు. దేవుడి పేరు వాడినంత మాత్రాన ఆ నిజం మారదు.

పిలుపు అనే మాటని నేను నమ్ముతాను. ఆ పిలుపు నన్ను ఈ వృత్తిలో నిలబెట్టింది. కానీ అది నర్సు తనకి తాను చెప్పుకోవాల్సిన మాట, యాజమాన్యం జీతం తగ్గించడానికి వాడే మాట కాదు. విద్యార్థుల్ని ఖాళీ పోస్టుల్లో నింపుతారా, వాళ్ళ పక్కన రిజిస్టర్డ్ నర్సు ఉంటారా, చదువు తర్వాత అక్కడే పనిచేయాలన్న బాండ్ ఉందా, ఉంటే ఎన్నేళ్ళు, ఇవన్నీ కాగితం మీద చూసుకోండి.

చేరేముందు ఇంకేం చూడాలి?

గుర్తింపు మొదటిది. యూనివర్సిటీకి ఉన్న గుర్తింపు వేరు, నర్సింగ్ కోర్సుకి ఉన్న గుర్తింపు వేరు. రెండూ ఉండాలి, రెండోది నేరుగా కౌన్సిల్ జాబితాలోనే చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పరీక్షలో వాళ్ళ విద్యార్థులు మొదటిసారే ఎంతమంది పాసవుతున్నారో గత మూడేళ్ళది అడగండి. క్లినికల్స్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఒక్కో శిక్షకుడి కింద ఎంతమంది పిల్లలో అడగండి. ఆ తర్వాత ఎవరూ వెంట లేకుండా రెండో సంవత్సరం పిల్లలతో పది నిమిషాలు మాట్లాడండి. మొదటి సంవత్సరం వాళ్ళకి ఇంకా తెలియదు, చివరి సంవత్సరం వాళ్ళు వెళ్ళిపోయే తొందరలో ఉంటారు.

ఈ డిగ్రీ వేరే దేశాల్లో చెల్లుతుందా?

క్రైస్తవ యూనివర్సిటీది కావడం వల్ల తేడా ఏమీ రాదు. వెళ్ళాలనుకున్న దేశం మీ గంటలు, సబ్జెక్టులు చూస్తుంది, తన పరీక్ష పెడుతుంది. అమెరికాలో, కెనడాలో ఎక్కువ చోట్ల ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష రాయాలి. బ్రిటన్‌లో కంప్యూటర్ పరీక్షతో పాటు నర్సింగ్ పనులు చేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. భాష పరీక్ష విడిగా ఉంటుంది. అవసరం మాత్రం అంతటా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు, అయినా చాలా దేశాల్లో ఇంకా చాలడం లేదు. మీ ప్రొసీజర్ రికార్డులు, లాగ్‌బుక్, సిలబస్ కాపీ జాగ్రత్తగా దాచుకోండి. పదేళ్ళ తర్వాత వాటికోసం కాలేజీ చుట్టూ తిరిగినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

చదివాక ఆసుపత్రి ఉద్యోగమేనా, ఇంకేమైనా ఉందా?

ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, కమ్యూనిటీ, బోధన, పరిశోధన అన్నీ ఉన్నాయి. మీకు అంతగా తెలియని దారి ఒకటి చెప్తాను. 1980లలో షికాగో ప్రాంతంలో గ్రేంజర్ వెస్ట్‌బర్గ్ అనే లూథరన్ పాస్టరు చర్చిల్లో నర్సుల్ని పెట్టడం మొదలుపెట్టాడు. ఆరాధన అయ్యాక బీపీ చూడటం, షుగరు మందులు ఎలా వేసుకోవాలో చెప్పడం, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్ళని వెళ్ళి పలకరించడం వాళ్ళ పని. ఆ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, ఇతర మతాల వాళ్ళు కూడా అనుసరిస్తున్నారు.

దీపాలు వెలిగించి ప్రతిజ్ఞ చేయిస్తారట, అదేంటి?

నైటింగేల్ ప్రతిజ్ఞ. దాన్ని రాసింది నైటింగేల్ కాదు. 1893లో డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలో తయారైంది. దేవుడి ఎదుట ప్రమాణం చేస్తున్నానంటూ మొదలవుతుంది. నమ్మకం లేని విద్యార్థులకి కొన్నిచోట్ల మాట మార్చి చదివే వీలు ఇస్తారు. ముందే అడిగితే మంచిది.

సీటు వచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపు ఏమైనా నేర్చుకోవాలా?

పుస్తకాలు అక్కర్లేదు. సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం ఒకటి కొనుక్కోండి, ఫోన్ వార్డులో పనికిరాదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, ఓసారి వైటల్స్ (నాడి, బీపీ లాంటివి) చూస్తానని అడిగి, పక్కన కూర్చోండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది, అందుకే ఊపిరి మాట ఎత్తకండి. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, కళ్ళు ఛాతీ మీద పెట్టండి. లేచి దిగితే ఒకటి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకండి. పూర్తి నిమిషం లెక్కపెట్టి, వచ్చిన అంకె రాయండి.